రాగి పోయినా దారి మిగిలింది

ఐర్లాండు పటం ఒకసారి చూడండి. నైరుతి మూలన చేతివేళ్లు చాచినట్లు కొన్ని ద్వీపకల్పాలు అట్లాంటిక్ సముద్రంలోకి పొడుచుకొని పోతాయి. వాటిలో ఒకటి బేరా. దాని కొసకు దగ్గరగా, కొండవాలున ఉన్న చిన్న ఊరు అలిహీస్. రంగురంగుల ఇళ్లు, వెనుక బండరాళ్ల కొండ, ఎదుట సముద్రం. ‘బేరా వే’ అనే కాలిదారి ద్వీపకల్పాన్ని చుట్టివస్తూ సుమారు 200 కిలోమీటర్లు సాగుతుంది. అది ఈ ఊరిమీదుగానే పోతుంది.

వీపున మూట వేసుకొని నడిచి వచ్చేవారికి కొండమీద ఒక పాత రాతి కట్టడం కనిపిస్తుంది. కోట అనుకుంటారేమో, కాదు. 1862లో గనికూలీలను పాతాళంలోకి దించడానికి పెట్టిన ఆవిరియంత్రపు ఇల్లది! పలకలు బిగించిన పొడవాటి దూలాన్ని యంత్రం పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటుంది. అదను చూసి అడుగు మార్చుకుంటూ మనిషి దిగాలి, అలాగే ఎక్కాలి. అడుగు తప్పితే అంతే సంగతులు. అయినా అది వచ్చాక కూలీలు హాయిగా ఊపిరి పీల్చుకొని ఉంటారు. అంతకు ముందు రోజంతా పనిచేసి, నిచ్చెనలు పట్టుకొని పైకి ఎక్కవలసి వచ్చేది మరి.

ఈ గనులు 1812 ప్రాంతంలో పక్స్‌లీ అనే జమీందారు తెరిచినవి. పని తెలిసినవారని ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గనిపనివాళ్లను రప్పించారు. వారికి వేరే ఇళ్లు, 1845లో వేరే ప్రార్థనామందిరం. ఊరివాళ్లకు తక్కువ కూలి, గుడిసెలు. ఖనిజం ఓడలెక్కి వేల్సులోని స్వాన్సీకి పోయి అక్కడ కరిగేది. రాగి ఊరిది, రాబడి దొరది. ఆ కుటుంబపు కథ ఆధారంగానే డాఫ్నీ డ్యు మారియర్ 1943లో ‘హంగ్రీ హిల్’ నవల వ్రాసింది.

1880ల నాటికి గనులు చాలావరకు మూతపడ్డాయి. భూమిలోకి దిగడం తప్ప మరో విద్య రానివాళ్లు ఏం చేస్తారు? అమెరికాలోని మోంటానాలో, బ్యూట్ అనే ఊళ్లో రాగి ఉన్నదని విని సముద్రం దాటారు. సలివన్, హారింగ్టన్ అనే బేరా ఇంటిపేర్లు ఆ ఊరినిండా పాకిపోయాయి. ఆ ముత్తాతల ఊరు చూడాలని మనుమలూ మునిమనుమలూ ఇప్పుడు వెతుక్కుంటూ వస్తున్నారు. వారికి కథ చెప్పడానికి ఒక చోటు ఉన్నది. కార్న్‌వాల్ వాళ్ల పాత ప్రార్థనామందిరమే 2007లో రాగిగనుల ప్రదర్శనశాల అయింది. ఒకప్పుడు ఊరివాళ్లనూ పైవాళ్లనూ వేరుచేసిన గోడల మధ్యనే ఈనాడు ఇద్దరి కథా ఒకచోట చేరింది.

నడిచి అలసినవారు ఊరి దిగువన సముద్రపు ఒడ్డుకు పోయి కూర్చుంటారు. తెల్లని ఇసుక, చల్లని గాలి. అయితే ఆ ఇసుక సముద్రం తెచ్చినది కాదు సుమండీ! గనిరాళ్లను నలగ్గొట్టి, రాగి ఏరుకొని, పనికిరాదని నీటిలో వదిలేసిన పిండి అది. ఆ రాళ్లు కొట్టినవారిలో ఆడవాళ్లూ చిన్నపిల్లలూ ఉండేవారు. ఈనాటి పిల్లలు అక్కడ పిచ్చుకగూళ్లు కట్టుకొంటున్నారు. వాళ్ల పక్కన కూర్చున్న పెద్దలు ఆ ఇసుక ఎలా వచ్చిందో ఒక్కమాట చెబితే బాగుంటుంది.