ఆఫీసు ముచ్చట్లు: పాఠము అప్పగించుట

బెంగుళూరులోని మన యిళ్ల పిల్లలు కొందరు ఈ-లెర్నింగ్ కంపెనీలలో పని చేయుచున్నారు. కంప్యూటరుపై చదువుకొను పాఠములను బ్యాంకులకు, కార్ఖానాలకు తయారుచేసి యిచ్చుట వారి వృత్తి. "కూర్చుని చేయు పనియే గదా, రాత్రి పదింటికి గాని యిల్లు చేరరేమి?" అని తల్లులు మమ్ము అడుగుచుందురు. మాకు తెలిసినంత చెప్పెదము.

పాఠమునకు మొదట స్టోరీబోర్డు వ్రాయుదురు. ఏ తెరపై ఏ బొమ్మ, ఏ మాట అన్నది అందులో ఉండును. దానిపై క్లయింటు సంతకమైన పిదపనే గొంతు రికార్డు చేయవలెను. కాగితముపై మాట మార్చుటకు కలము చాలును. రికార్డయిన పిదప మార్చవలెనన్న చదివినవారిని మరల పిలువవలెను, బొమ్మను మరల జతపరచవలెను, పాఠమంతయు మరల పరీక్షించవలెను. గడువు మాత్రము కదలదు. ఆ భారము పడునది పిల్లల నిద్రమీదనే.

కనుక ఒప్పందములో మూడు సంగతులు వ్రాయించుకొనవలెను: సరిచూచుట ఎన్ని మార్లు, తుది మాట ఎవరిది, ఆపై మార్పులకు వెల యెంత.

ఇంకొక చిక్కు. ఇక్కడ చక్కగా నడచిన పాఠము, చదువుల లెక్క చూచు క్లయింటు ఎల్.ఎం.ఎస్.లో నడవకపోవచ్చును. ఎవరు ఎంత చదివిరి, ఎన్ని మార్కులు వచ్చెను అని పాఠము దానికి తెలుపుటకు స్కార్మ్ అను కట్టుబాటు కలదు. 2001 నాటి 1.2, 2004 నాటిది రెండును నేటికీ వాడుకలో నున్నవి. ఏది కావలెనో మొదటి వారముననే అడిగి, చిన్న పాఠమొకటి అక్కడ నడిపి చూడవలెను.

శుభలేఖను అచ్చునకు పంపక మునుపే పెద్దలకు చూపుదుము గదా! ఇదియు నంతే.