సముద్రపు వాంతుల మందు – నీటిలో దిగే ముందు ఒక మాట

"శాస్త్రిగారూ, అండమాన్ వెళుతున్నాను. స్కూబా డైవింగ్ చేయాలని కోరిక. పడవ ఎక్కితే నాకు వాంతులు. ఇంగ్లీషు మాత్రలు మత్తు కలిగిస్తాయట. ఏదైనా మూలిక ఇవ్వండి, మూలికలతో హాని ఉండదు కదా!" అని ఇటీవల ఒక యువకుడు నన్ను అడిగాడు. ఆ చివరి మాటే ఈ వ్యాసానికి కారణం.

పడవ ఊగేటప్పుడు లోచెవి కదలికను గుర్తిస్తుంది. పడవ లోపలి వస్తువులను చూస్తున్న కన్ను కదలిక లేదంటుంది. ఈ వైరుధ్యం వల్లనే హృల్లాసం, ఛర్ది కలుగుతాయి. దూరాన సముద్రం, ఆకాశం కలిసే రేఖను చూస్తూ పడవ మధ్యభాగంలో కూర్చోవడం, ముందురోజు మద్యం ముట్టకపోవడం ప్రథమ చికిత్స.

సిన్నారిజిన్, డైమెన్‌హైడ్రినేట్, ప్రోమెథజిన్ వంటి మందులు వాంతిని అణచినా తంద్రను కలిగించగలవు. ఇంటిలో పడుకున్నవారికి తంద్ర వల్ల పెద్ద నష్టం లేదు. సిలిండరులో గాలి ఎంత మిగిలిందో, ఎంత వేగంగా పైకి వస్తున్నామో గమనించవలసిన చోట అది ప్రాణాపాయం. సుమారు 30 మీటర్ల లోతు దాటితే పీల్చే గాలిలోని నత్రజనియే మత్తు కలిగిస్తుంది. దానికి మందు మత్తు తోడుకారాదు.

ఇక మూలికల మాట. విదేశాలలో చెవి వెనుక అంటించే పట్టీలలోని స్కోపోలమిన్ మన ఉమ్మెత్తలోనూ ఉన్నదే. మన శాస్త్రం ఉమ్మెత్తను ఉపవిషాలలో చేర్చింది. నోరెండడం, చూపు మసకబారడం, మతి తడబడడం దాని లక్షణాలు. నీటికాసులు, ప్రొస్టేటు వాపు ఉన్నవారికి అది మరింత ప్రమాదకరం. చెట్టు నుండి వచ్చినా, కర్మాగారం నుండి వచ్చినా గుణం మారదు.

శొంఠి, అల్లం మత్తు కలిగించవు, కొందరికి ఉపశమనమిస్తాయి. అందరికీ పనిచేస్తాయని నేను చెప్పను. రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు వైద్యుని అడగనిదే అధికంగా తీసుకోరాదు.

ఏ మందైనా మొదటిసారి పడవలో వేసుకోరాదు. వైద్యుని సలహాతో కొన్ని రోజుల ముందే ఇంటివద్ద పరీక్షించాలి. వికారం మొదలయ్యాక కాక, పడవ ఎక్కకముందే తీసుకోవాలి. మందు వేసుకున్న సంగతి శిక్షకునికి చెప్పాలి. మగతగా ఉంటే ఆనాడు నీటిలో దిగరాదు.

మరొక ముఖ్య విషయం. నీటి నుండి పైకి వచ్చాక తలతిరుగుడు, వాంతి కలిగితే సముద్రపు వికారమేనని భావించి మాత్ర మింగరాదు. పీడనం తగ్గడం వల్ల రక్తంలో ఏర్పడిన బుడగలు గాని, లోచెవికి తగిలిన దెబ్బ గాని కారణం కావచ్చు. వెంటనే శిక్షకునికి తెలిపి వైద్యసహాయం పొందాలి.

ఆ యువకునికి శొంఠి ఇచ్చాను. మాత్రే కావాలంటే డైవింగ్ తెలిసిన వైద్యుని అడిగి, సెలవురోజున ఇంటిలో వాడి చూడమన్నాను. తరువాత వచ్చి, మాత్ర వేసుకున్నాక మధ్యాహ్నం దాకా కళ్లు తెరవలేకపోయానని చెప్పాడు. ఆ నిద్ర ఇంటిలో వచ్చినందుకు సంతోషించాను.