కోళ్ల గురక రోగము: టీకాకు ముందు పరీక్ష



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గ్రామములకు మేము పోయినప్పుడెల్ల సభ్యులడుగు ప్రశ్న యొక్కటే: "కొక్కెర టీకా వేయించితిమి; అయినను కోళ్లు గురకపెట్టుచున్నవి. మరియొక బుడ్డి తెప్పింపవలెనా?" తొందరపడి తెప్పింపవలదనియే మా యభిప్రాయము. ముందు రోగమేదో తెలిసికొనవలెను.

కొక్కెర రోగము వేరు. కోళ్ల కరోనా వైరసు వలన కలుగు శ్వాసనాళ రోగము వేరు. ఈ రెండవదానిని 1931లో అమెరికాలోని ఉత్తర డకోటాయందు మొదట గుర్తించి ప్రకటించిరి. పైకి రెండును ఒక్కతీరుగనే కానవచ్చును.

ఈ వైరసు తనంతట పెరుగజాలదు. బ్రతికియున్న కణములో దూరియే పెరుగవలెను. దానికి క్రొవ్వుపొరయు, ఆ పొరమీద కొమ్ములును గలవు. కోడి శ్వాసనాళపు లోపలి కణములపై సయాలిక్ ఆమ్లమను చక్కెర జాతి పదార్థ ముండును. కొమ్ము పైభాగము దానిని పట్టుకొనును. క్రిందిభాగము వైరసు పొరను కణపు పొరతో కలిపివేయును. అంతట వైరసులోని జన్యుపదార్థము లోనికి జారి, ఆ కణముచేతనే తనవంటివానిని అనేకముగ చేయించుకొనును. దుమ్మును పైకి నెట్టు సన్నని నూగు నశించి, శ్లేష్మము నిండి, కోడి గురకపెట్టును. కొన్ని రకములు మూత్రపిండములను, గ్రుడ్లు దిగు నాళమును చెరచును. పసితనమున రోగము సోకిన పెట్ట బాగుగనే పెరిగినను గ్రుడ్డు పెట్టకపోవచ్చును. రైతుకు మేత ఖర్చే మిగులును.

టీకా ఈ కొమ్మును కోడి శరీరమునకు ముందుగ గుర్తు చూపును. అయితే కొమ్ము పైభాగము మారుచుండును. 1996లో చీనాలో బయల్పడిన క్యూఎక్స్ రకము అట్టిదే. కావున ఒక రకపు టీకా మరియొక రకమును పూర్తిగ ఆపకపోవచ్చును; కొక్కెర టీకా దీనిని అసలే ఆపదు. యాంటీబయాటిక్ మందులును వైరసును చంపవు.

పరీక్ష పూర్తియగులోపల కోళ్లు పోవునని కొందరందురు. అంతవరకు రోగపు కోళ్లను వేరుచేయుడు, సంతకు తోలకుడు, నీటితొట్లను సబ్బుతో కడుగుడు. సబ్బు ఆ క్రొవ్వుపొరను కరగించును, కొమ్ములు పనికిరాకపోవును.

ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల యున్నది. అచ్చటివారి సలహాతో నమూనాలు పంపు ఏర్పాటును సంఘములు ఉమ్మడి ఖర్చున చేయవలెను. పది పెరటికోళ్లు గల రైతున కీ ఖర్చు భారమే. నూరుగురు పంచుకొన్నచో కాదు. సంఘము పెట్టుకొన్నది ఇందులకే గదా!