సర్కారు కచ్చేరులలో దీపము, నీరు

నేల క్రింద బొగ్గు, ప్రక్కన గోదావరి: ఈ రెండింటి నడుమ నస్పూరు వెలసియున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు ఆదిలాబాదు జిల్లా విభజింపబడి మంచిర్యాల జిల్లా యేర్పడినది. ఆ క్రొత్త జిల్లా కార్యాలయములు ఒక్క చోటికి వచ్చునట్లు నస్పూరున సమీకృత కార్యాలయ సముదాయము నిర్మింపబడి 2023 జూన్ 9వ తేదీన ప్రారంభమైనది. 2025లో నస్పూరు పురపాలకము మంచిర్యాల నగరపాలక సంస్థయందు లీనమైనది. ఒక్క సంతకమునకై నాలుగు వీధులు తిరుగవలసిన రైతునకు ఒక్క ప్రాంగణముననే పని నెరవేరు సదుపాయము కలుగుట సంతోషింపదగిన విషయమే. అయితే ఇంతటి భవనమునకు నెలకెంత విద్యుత్తు, ఎంత నీరు వ్యయమగుచున్నవని ప్రతి సోమవారము ప్రజావాణికి అర్జీలు పట్టుకొని వచ్చు జనులను అడిగినచో చెప్పగలవారెందఱు? ఇట్టి లెక్కను ప్రజలకు కనబడునట్లు ఉంచు ఆచారము మన కచ్చేరులలో నెలకొనలేదు. ఆ లోపమును గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి.

ఒక్క నస్పూరు కచ్చేరిపై నేరము మోపుట మా యుద్దేశము గాదు. తహశీలు కచ్చేరి గాని, పాఠశాల గాని, దవాఖానా గాని, సర్కారు భవనములకు పోయి వచ్చిన మా పాఠకులు ఈ దృశ్యములను ఎఱుగనివారు గారు. అధికారి గ్రామములకు పోయినను ఆయన గదిలో పంకా తిరుగుచునే యుండును. పట్టపగలు వసారాలో దీపములు వెలుగుచుండును. మరుగుదొడ్డి నల్లా రాత్రింబవళ్ళు కారుచుండును. మిద్దెపై నీళ్ళతొట్టి నిండి పొర్లి గోడకు నాచు పట్టించుచుండును. ఇందు ఎవరి దుర్బుద్ధియు లేదు. ఇంటిలో నల్లా కారినచో ఇంటియజమాని ఆ పూటనే మనిషిని పిలిచి బాగుచేయించుకొనును. కచ్చేరిలో కారు నల్లాకు యజమాని ఎవడు? గుమాస్తా తనది కాదనును. జవాను తన పని కాదనును. అధికారి నిధులు లేవనును. బిల్లు ఏ పద్దునుండియో చెల్లింపబడును, లేదా చెల్లింపబడక నిలిచిపోవును. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చునని మన పెద్దలు ఊరక అనలేదు.

చెల్లింపక నిలిచిన బిల్లుల మాట వచ్చినది గనుక దానినిగూడ చెప్పెదము. 2023 డిసెంబరులో రాష్ట్ర శాసనసభ ముందుంచిన విద్యుత్తు శ్వేతపత్రము ప్రకారము పంపిణీ సంస్థలకు సర్కారు శాఖలు పడియున్న బకాయి 28,000 కోట్ల రూపాయలకు మించినది. అందు దాదాపు సగము ఎత్తిపోతల పథకములది. కార్యాలయముల భాగము అందులో కొంత మాత్రమే. అయినను ఇక్కడ గమనింపవలసిన ధర్మసూక్ష్మ మొకటి కలదు. సామాన్యుడు బిల్లు కట్టకున్న అతని యింటి తీగ కత్తిరింపబడును. సర్కారు కట్టకున్న తీగ తెగదు. ఆ భారము తిరిగి తిరిగి, కట్టువాని నెత్తినే పడును. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ఒకరి ధనముతో మఱియొకరు వెలిగించు దీపమును ఆర్పవలెనను తలంపు ఎవరికి కలుగును?

ఈ విద్యుత్తు ఎక్కడినుండి వచ్చుచున్నదో తక్కినవారు మఱచిన మఱతురు గాక, నస్పూరువారు మఱువరాదు. శ్రీరాంపూరు ప్రాంతపు గనులలోనికి కార్మికులు మూడు వంతులుగా దిగి బొగ్గు త్రవ్వుచున్నారు. సమీపమున జైపూరులో సింగరేణి సంస్థవారి 1,200 మెగావాట్ల విద్యుత్కేంద్రము 2016నుండి పనిచేయుచున్నది. మన దేశమున బొగ్గు కేంద్రములలో ఒక్క యూనిట్ విద్యుత్తు పుట్టుటకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలవలెను. ఆ బొగ్గు వెనుక గనికార్మికుని చెమట కలదు. అప్పుడప్పుడు అతని ప్రాణమును కలదు. గనికై పొలమును, ఊరిని విడిచిన కుటుంబముల కష్టము కలదు. బూడిదయు, పొగయు ఈ జిల్లాలోనే మిగులును. ఖాళీ గదిలో తిరుగు పంకా ఈ శ్రమనంతటిని గాలికి విసరుచున్నది.

మా పాఠకులు మాతో కలిసి ఒక చిన్న లెక్క వేయుదురు గాక. పాతరకము పంకా సుమారు 75 వాట్ల విద్యుత్తును తీసికొనును. ఇప్పుడు వచ్చిన బి.ఎల్.డి.సి. పంకాకు 30 వాట్లు చాలును, గాలి తగ్గదు. దినమునకు ఎనిమిది గంటలు, ఏడాదికి 250 పనిదినములు తిరిగినచో, ఒక్కొక్క పంకాకు ఏడాదికి 90 యూనిట్లు మిగులును. జిల్లాలోని కచ్చేరులు, బడులు, దవాఖానాలు కలిపి వేయి పంకాలు మార్చినారని యెంచుకొందము. ఏడాదికి 90,000 యూనిట్లు మిగులును. 63 టన్నుల బొగ్గు నేలలోనే యుండును. యూనిట్‌కు 8 రూపాయలని యెంచినచో ఏడాదికి 7,20,000 రూపాయలు ఖజానాలో నిలుచును. వేయి పంకాల మాటయే ఇట్లున్నచో, దీపములు, శీతల యంత్రములు, పంపులు అన్నియు కలిసినప్పుడు ఎంతయగునో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

నీటి సంగతి అంతకంటె చిన్నది గాదు. ఒక నల్లా గంటకు 15 లీటర్ల బకెట్టు నిండునంత కారినచో దినమునకు 360 లీటర్లు పోవును. మిషన్ భగీరథ పథకము పల్లెలలో మనిషికి దినమునకు 100 లీటర్ల నీరు లెక్కగట్టినది. అనగా కచ్చేరిలో కారు ఒక్క నల్లా పల్లెలో ముగ్గురి వంతు నీటికి మించి మ్రింగుచున్నది. పాతరకము మరుగుదొడ్డి తొట్టి ఒక్కమారు లాగిన 10 లీటర్లకు మించి విడుచును. రెండు మీటల క్రొత్త తొట్టి అవసరమునుబట్టి 3 లేక 6 లీటర్లు మాత్రమే విడుచును. ఇంతేకాక, నదినుండి శుద్ధికేంద్రమునకు, అచటినుండి ఎత్తైన ట్యాంకునకు, ట్యాంకునుండి మిద్దెమీది తొట్టికి ఆ నీటిని ఎక్కించుచున్నది విద్యుత్తే. నీటిని పాఱబోసినవాడు బొగ్గునుగూడ పాఱబోసినవాడే.

ప్రక్కనే గోదావరి యుండగా ఈ పిసినారితనమెందుకని కొందఱు పరిహసింపవచ్చును. 2022 జూలైలో గోదావరి వరద మంచిర్యాల వీధులలోనికి వచ్చినమాట నిజమే. కాని జూలై వరద మే మాసపు దాహమును తీర్చదు. సుమారు 20 టి.ఎం.సి.ల ఎల్లంపల్లి జలాశయముపై ఈ జిల్లాలే గాక 2015నుండి హైదరాబాదు నగరముగూడ తన దాహమునకై ఆధారపడియున్నది. నది మనదని తలచి పాఱబోయుటకు అది మన యొక్కరి సొత్తు గాదు. పైగా ఈ ప్రాంతమున ఏటా సుమారు ఒక మీటరు వర్షము కురియును. వేయి చదరపు మీటర్ల మిద్దెపై పడు వాన పది లక్షల లీటర్లు. అందు అయిదవ వంతు పోయినను ఎనిమిది లక్షల లీటర్లు ఇంకుడుగుంతలకో, తొట్లకో చేరును. వాననీటిని ఇంకించు కట్టడములను నిర్దేశించుచు 2002లోనే ఉమ్మడి రాష్ట్రము నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు చట్టము చేసినది. ఆ చట్టమును సామాన్యునిచే పాటింపజేయవలసిన అధికారి కూర్చున్న మిద్దెపై వాన ఎటు పోవుచున్నది? ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత ఇతరులకొఱకే పుట్టినదా?

గుమాస్తాలను ఉక్కపోతలో కూర్చుండబెట్టుమని మేము కోరుట లేదు. ఎండకాలమున 45 డిగ్రీలు దాటు ఈ బొగ్గుసీమలో చల్లదనము భోగము గాదు, అవసరము. అయితే చల్లదనమును కొనుటకు ముందు వేడిని రానీయకుండుట తెలివి. పూర్వము ఈ సీమలో కట్టిన భవనములకు మందమైన సున్నపు గోడలు, ఎత్తైన కప్పులు, చుట్టు వసారాలు, పైన గాలికిటికీలు ఉండెడివి. లోనికి అడుగుపెట్టినంతనే వేడిగాలి వెనుదిరిగెడిది. నేడు పలుచని గోడ కట్టి, దానికి అద్దములు బిగించి, లోనికి వచ్చిన ఎండను వెడలగొట్టుటకు శీతల యంత్రములు పెట్టుట పరిపాటియైనది. మిద్దెకు తెల్లని పూత పూసి ఎండను త్రిప్పికొట్టు చల్లని పైకప్పుల విధానమును 2023 ఏప్రిలులో రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించి, సర్కారు భవనములకు దానిని తప్పనిసరి చేసినది. అది 2028వఱకు అమలునందుండునది. 2020 జనవరినుండి క్రొత్త శీతల యంత్రములు 24 డిగ్రీలతో మొదలగునట్లు కేంద్రము నియమము చేసినది. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని కేంద్ర శక్తి సామర్థ్య సంస్థ చెప్పుచున్నది. శక్తి పరిరక్షణ చట్టము 2001 నాటిది. భవనముల నియమావళి 2007 నాటిది. చట్టములకు కొఱత లేదు, విధానములకు కొఱత లేదు. కొఱత యంతయు కనిపెట్టి చూచు కంటికే.

ఇది కాగలపని యనుటకు మన తెలుగునాటనే తార్కాణములున్నవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ధ్వంసము చేసిన పిమ్మట, అక్కడ 90,000కు పైగా వీధిదీపములను ఎల్.ఇ.డి. దీపములుగా మార్చినారు, వీధిదీపముల విద్యుత్తు వాడుక దాదాపు సగమునకు దిగినది. అందుకు పురపాలకము ముందుగా మూట విప్పవలసిన పని లేకపోయినది. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ పెట్టుబడి పెట్టి, మిగిలిన సొమ్మునుండియే ఏటేట రాబట్టుకొనునట్లు ఏర్పాటు జరిగినది. అంతకు పదియేండ్ల ముందు, 2004లో, హైదరాబాదున అప్పటి ప్రభుత్వ సహకారముతో పారిశ్రామిక సమాఖ్యవారి హరిత వ్యాపార కేంద్రము వెలసినది. పగటి వెలుగునే వాడుకొనునట్లు, తాను వాడిన నీటిని మొక్కల వేళ్ళతో శుద్ధిచేసి తోటకే మరల్చుకొనునట్లు ఆ భవనమును కట్టినారు. ఇరువదియేండ్లు దాటినను ఆ పాఠము జిల్లా కచ్చేరుల వఱకు పూర్తిగా చేరకుండుట విచారకరము.

మిద్దెలపై సౌరఫలకములు పరచిన చాలును గదా యనువారు గలరు. పరచుట మంచిదే, 2024లో మొదలైన సూర్యఘర్ పథకమున సర్కారు భవనములకును చోటు కలదు. కాని చిల్లికుండలో ఎంత పోసినను నిలువదు. ముందు చిల్లి పూడ్చి పిమ్మట నీరు పోయుట బుద్ధిమంతుల పద్ధతి. ఫలకములు పరచిన దినమున చిత్రములు తీయుదురు. నల్లాకు పది రూపాయల వాషరు వేసిన దినమున ఎవరును చిత్రము తీయరు. అందుచేతనే మొదటి పని శీఘ్రముగ జరుగును, రెండవది నిలిచిపోవును.

కావున మేము కోరునది గొప్ప పథకము గాదు, ఒక పలక మాత్రమే. నస్పూరు సముదాయపు ముఖద్వారమున, ప్రజావాణికి వచ్చువారందఱకు కనబడునట్లు, ఒక పలకను నిలుపవలెను. గడచిన నెలలో వాడిన యూనిట్లు, నీటి లీటర్లు, బిల్లు మొత్తము, చెల్లించినదెంత, బకాయి ఎంత, నిరుడు ఇదే నెలలో ఎంత: ఈ ఆఱు అంకెలను తెలుగున వ్రాయవలెను. లెక్క వ్రాయుటకు ముందు కొలత ఉండవలెను గనుక ఒక్కొక్క శాఖకు వేఱు మీటరు, నీటికి వేఱు మీటరు బిగింపవలెను. ప్రతి భవనమునకు ఒక బాధ్యుని నియమించి, సాయంకాలము మీటలు కట్టించుట, వారమునకొకమారు నల్లాలు చూచుట అతని విధిగ చేయవలెను. చిన్న మరమ్మతుకై పై అధికారులకు కాగితములు వ్రాయుచు కూర్చుండక, అతని చేతిలో కొంత సొమ్ము ఉంచవలెను. చెడిన పంకా, దీపము స్థానమున తిరిగి పాతరకము కొనరాదని కొనుగోలు నియమముననే వ్రాయవలెను. మిగిలిన సొమ్ములో ఒక భాగమును ఆ భవనము బాగునకే విడువవలెను. అప్పుడు పొదుపు చేసినవానికి పొదుపు ఫలము కనబడును. ఇవి నస్పూరున ఒక్క ఏడాది జరిగి, లెక్క తేలిన పిమ్మట, మండల కచ్చేరులకు, బడులకు, దవాఖానాలకు విస్తరింపజేయవచ్చును.

పరాయి పాలనలో కచ్చేరి ప్రజలకు భయస్థానము. దాని ఖర్చు అడుగు ధైర్యము ఎవరికి నుండెను? స్వరాజ్యమున కచ్చేరి మన సొమ్ముతో మనకొఱకు కట్టిన యిల్లు. ఇంటి ఖర్చు అడుగుట ఇంటివారి హక్కు, బాధ్యతయు. 2005 నాటి సమాచార హక్కు చట్టము ఆ హక్కును పది రూపాయల అర్జీగా మన చేతిలో పెట్టినది. పలక వెలువడువఱకు మా పాఠకులు తమ ఊరి కచ్చేరి, తమ పిల్లల బడి, తమ దవాఖానా విద్యుత్తు బిల్లును, నీటి బిల్లును వినయముగ అడుగుదురు గాక. కారు నల్లాను చూచినప్పుడు కట్టివేయుదురు గాక. అధికారులును దీనిని నిందగా గాక సహాయముగ భావింతురని మా విశ్వాసము. గనిలో దీపము పట్టుకొని దిగువాడు ఆ దీపమును వృథాచేయడు. అతడు పంపిన వెలుగున కూర్చుండి పనిచేయువారును ఆ మర్యాదను పాటింతురు గాక.