నోటీసు అంటిస్తే సరిపోదు

‘సోమవారం నుంచి సెకండ్ షిఫ్టు రెండింటికి కాదు, ఒంటిగంటకే.’

శనివారం సాయంత్రం గేటు పక్కన బోర్డు మీద ఒక్క వాక్యం. మేనేజరు లెక్కలో పని అయిపోయింది. కానీ ఆ ఒక్క గంట కోసం ఒకరు పిల్లలకు అన్నం పెట్టే మనిషిని వెతుక్కోవాలి. మరొకరికి ఊరి బస్సు అందదు. నైట్ షిఫ్టు వాళ్లకైతే సంగతే తెలీదు. తెల్లారేసరికి టీ బంకు దగ్గర ‘మనుషుల్ని తగ్గిస్తారట’ అని పుకారు మొదలు!

మార్పు కంటే, దాన్ని చెప్పే తీరే ఎక్కువ నొప్పిస్తుంది. ఇది ఎప్పుడో తేలిన విషయం. అమెరికాలోని వర్జీనియాలో హార్వుడ్ అనే పైజమాల ఫ్యాక్టరీ ఉండేది. పని పద్ధతి మార్చినప్పుడల్లా అక్కడ ఉత్పత్తి పడిపోయేది. దీనిమీద లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ చేసిన అధ్యయనం 1948లో అచ్చయింది.

ఒక బృందానికి కారణం చెప్పి, ‘ఇకపై ఇలా చేయండి’ అన్నారు. ఉత్పత్తి తగ్గి, మళ్లీ కోలుకోలేదు. 40 రోజుల్లో నూటికి 17 మంది మానేశారు. మరో రెండు బృందాల్ని మాత్రం ‘ఖర్చు తగ్గాలి, ఎలా చేద్దాం?’ అని అడిగారు. రాసుకునే మనిషి చేతికి అందనన్ని సలహాలు వచ్చాయి. ఆ బృందాలు త్వరగా కోలుకుని, పాత ఉత్పత్తిని సుమారు 14 శాతం దాటాయి. ఆ 40 రోజుల్లో ఒక్కరూ మానలేదు. రెండున్నర నెలల తర్వాత మొదటి బృందంలో మిగిలిన 13 మందినీ అలాగే అడిగి కొత్త పనిలో పెడితే, వాళ్లూ పుంజుకున్నారు. తేడా మనుషుల్లో లేదు, అడగడంలో ఉంది.

చిన్న ఫ్యాక్టరీలో ఇది ఇంకా తేలిక. ఉండేది నలభై, యాభై మందే కదా!

* ముందు కారణం, తర్వాతే తేదీ. ఆర్డరు పెరిగిందా, కరెంటు బిల్లు భారమైందా... దాచొద్దు.

* సూపర్‌వైజర్లకు ముందే చెప్పాలి. మొదటి ప్రశ్న వచ్చేది వాళ్లకే.

* ప్రతి షిఫ్టుకూ ఎదురుగా చెప్పాలి. నైట్ షిఫ్టు కోసం మేనేజరే రాత్రి రావాలి.

* డ్యూటీ దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు మిషను దగ్గరే పది నిమిషాలు మాట్లాడుకోవాలి. పుస్తకంలో రాయాలి, నోటితోనూ చెప్పాలి. 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు కేంద్రంలో, ఓ పంపుకి సేఫ్టీ వాల్వు తీసి ఉందన్న కబురు రాత్రి షిఫ్టుకు అందలేదు. ఆ పంపు నడిపారు. పేలుడు, మంటల్లో 167 మంది పోయారు.

* నెల రోజులు చూసి, ఇబ్బందులేంటో మళ్లీ అడగాలి. ఒక్కటైనా సరిచేస్తేనే రెండోసారి నోరు విప్పుతారు.

పనిచేసేవాళ్ల వంతూ ఉంది. ‘కుదరదు’ అంటే మాట అక్కడితో తెగుతుంది. ‘రాత్రి పదిన్నర తర్వాత మా ఊరికి బస్సు లేదు’ అంటే దారి వెతకొచ్చు.