బొల్లి అంటురోగం కాదు

ఒంటిపై తెల్లమచ్చ కనిపిస్తే కుష్టు అని బెదిరి, కుదిరిన పెళ్లి సంబంధాలు వదులుకునే దురాచారం పల్లెల్లో ఇంకా పోలేదు. బొల్లి అంటుకోదు. చర్మానికి రంగునిచ్చే కణాలను శరీరంలోని రక్షణశక్తే పొరపాటున నాశనం చేయడం వల్ల ఇది వస్తుంది. కుష్టు మచ్చపై సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చపై తగ్గదు. కుష్టు అయినా సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే ఉచిత మందులతో నయమవుతుంది.

బొల్లిలోనూ రకాలున్నాయి. ఎక్కువమందికి చేతులు, కాళ్లు, పెదవులు, కళ్లచుట్టూ రెండువైపులా మచ్చలు వస్తాయి. ఏళ్లతరబడి పెరుగుతూ, ఆగుతూ ఉంటాయి. వీరు థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది. రెండో రకం తరచు చిన్నతనంలో ఒకపక్కనే మొదలై, త్వరగా పాకి, ఏడాది రెండేళ్లలో ఆగిపోతుంది. అలా నిలిచిపోయిన మచ్చలకు చర్మం అంటుకట్టే చికిత్స బాగా ఫలిస్తుంది.

వంశంలో ఉంటే రావచ్చునే గాని, తప్పక వస్తుందని లేదు. దెబ్బ, రాపిడి తగిలినచోట కొత్త మచ్చలు లేస్తాయి. బొట్టుబిళ్ల జిగురు, రబ్బరు చెప్పులు తగిలేచోట తెల్లబడితే వెంటనే వాటిని మానాలి. చేపలు తిని పాలు తాగితే వస్తుందన్నది అపోహ.

నాటుపూతలతో కాలయాపన చేయక తొలిమచ్చకే చర్మవైద్యునికి చూపించాలి. పెళ్లి మాటల్లో కూర్చునే పెద్దలు ఈ సంగతులు నలుగురికీ చెప్పాలి.