పైన జేసీబీ, కింద గ్యాస్ పైపు.. శామీర్‌పేట, మేడ్చల్‌లో భద్రత ఎంత?

హైదరాబాద్ ఉత్తర శివారులో ఎటు చూసినా తవ్వకాలే. కొత్త వెంచర్లు, మంచినీటి లైన్లు, కేబుళ్లు. వీటికి తోడు ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఓఆర్ఆర్ దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ మదర్ స్టేషన్ ఉన్నది కూడా ఈ శామీర్‌పేటలోనే. సీఎన్జీ బంకులకు, ఇళ్లకు అందే గ్యాస్‌కు ఇది కీలక కేంద్రం. గ్యాస్ పైపుకు, జేసీబీ బకెట్‌కు మధ్య ఉండేది సాధారణంగా ఓ మీటరు మట్టే.

పైపు పగిలితే ఏమవుతుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి తోటలు మాడిపోయాయి. అక్కడ ఎవరూ తవ్వలేదు. గ్యాస్‌తో పాటు వచ్చిన నీటి తేమకు పైపు లోపలే తుప్పు పట్టింది. లీకేజీపై ముందే చెప్పినా పట్టించుకోలేదని గ్రామస్థులు అప్పట్లో మొత్తుకున్నారు. అసలు బాధ అదే.

తుప్పు సంగతి కంపెనీ చూసుకోవాలి. పైపు లోపల పరికరాలు పంపి గోడ మందం కొలిచే పద్ధతి ఉంది, లైన్ వెంట గస్తీ ఉంది. శివారులో అంతకంటే పెద్ద భయం బయటి నుంచి పడే దెబ్బ.

చట్టం లేదా అంటే ఉంది. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం కంపెనీ వినియోగ హక్కు పొందిన స్థలంలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. తవ్వేముందు సమాచారం ఇచ్చేందుకు కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ కూడా తెచ్చింది. పెద్ద కాంట్రాక్టర్ అయితే వాడతాడేమో! గంటల లెక్కన జేసీబీ మాట్లాడుకుని ప్లాటు చదును చేయించే యజమానికి, రాత్రికి రాత్రి బోరు వేసే రిగ్గు వాళ్లకు ఆ యాప్ పేరైనా తెలుసా?

అందుకే బాధ్యతను యాప్‌కు వదిలేస్తే కుదరదు. రోడ్డు తవ్వాలంటే మున్సిపల్ అనుమతి కావాలి. బోరు వేయాలంటే వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ఆ కాగితం ఇచ్చేముందే గ్యాస్ కంపెనీ నుంచి క్లియరెన్స్ అడిగితే సగం ముప్పు అక్కడే ఆగుతుంది. కొత్త చట్టమేమీ అక్కర్లేదు, రెండు శాఖలు మాట్లాడుకుంటే చాలు.

ఇక జనం సంగతి. ఇళ్లకిచ్చే గ్యాస్‌లో వాసన కలుపుతారు. పెద్ద లైన్లలో అది ఉంటుందన్న నమ్మకం లేదు. బుస్సుమనే శబ్దం వచ్చినా, నేలలోంచి బుడగలు లేచినా అనుమానించాల్సిందే. అక్కడ బండి స్టార్ట్ చేయొద్దు, స్విచ్ వేయొద్దు, పొయ్యి వెలిగించొద్దు. గాలికి ఎదురుగా దూరం వెళ్లాకే ఫోన్ తీయాలి. పైపులైన్ వెంట పాతిన బోర్డులపై కంపెనీ ఎమర్జెన్సీ నంబర్ ఉంటుంది.